మిద్దె మీద కుండీలు పెట్టిన మనవరాలికి

పాపా,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. తిరుపతిలో అద్దె ఇంటి మిద్దె మీద పన్నెండు కుండీలు పెట్టావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను. మొక్క వాడగానే నీళ్ళు పోయడం, పురుగు కనబడగానే మందు కొట్టడం, పేరు తెలియకపోతే పీకెయ్యడం, ఈ మూడూ ఆపు. ముందు దగ్గరికెళ్ళి చూడు.

కరివేపాకు సంగతి మొదట. నీ మొక్కకు కొత్త చిగుళ్ళు పసుపుపచ్చగా వచ్చాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. కింది ముదురాకులు బాగున్నాయి. అది ఎరువు చాలక కాదు, ఇనుము అందక. నీ కుండీ అంచున తెల్లటి పొర కనబడుతోందే, అది మీ బోరు నీళ్ళలోని సున్నం. మట్టిలో ఇనుము ఉన్నా ఆ సున్నం వల్ల వేరు దాన్ని తీసుకోలేదు. ఎరువుల అంగట్లో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) అడుగు, ఇస్తారు. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఎండ తగ్గాక ఆకులు తడిసేలా పిచికారీ చెయ్యి. ఏ పూటకు ఆ పూటే కలుపుకో. వారం పది రోజులకు ఒకసారి చొప్పున రెండు మూడు సార్లు చేస్తే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. కార్తీకం వానల్లో బకెట్లు బయట పెట్టి ఆ నీళ్ళు పట్టుకో, దానికి మించిన మందు లేదు. అదే కింది ఆకులు ముందు పసుపెక్కి రాలుతుంటే లెక్క వేరు. అప్పుడు ఎరువైనా చాలలేదు, నీళ్ళైనా ఎక్కువయ్యాయి.

అదే మొక్క మీద పక్షి రెట్ట పడిందన్నావు. అది రెట్ట కాదమ్మా. కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో చూస్తే గోధుమ, నలుపు రంగుల మధ్య తెల్ల మచ్చ, ఒక పక్క చిన్న తల కనిపించాయి. పుల్లతో మెల్లగా తాకి చూడు. తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి ఎర్రగా బయటికి వస్తాయి, ఘాటైన వాసన వేస్తుంది. ఇంకొన్నాళ్ళకు కుబుసం విడిచి ఆకు రంగులోకి మారుతుంది, అప్పుడు కళ్ళ ముందున్నా కనబడదు. అది సీతాకోకచిలుక పిల్ల. చిన్న మొక్కనైతే నాలుగు రోజుల్లో మోడు చేసేస్తుంది కాబట్టి ఆకుతో సహా తుంచి, పక్క వీధిలో పెద్ద నిమ్మచెట్టుంటే దాని మీద వదిలిపెట్టు. మందు మాత్రం వద్దు. ఆ ఆకే రేపు పోపులో వేస్తావు.

మందారం మీద తెల్లటి దూదిలా ఉన్నది పిండినల్లి అనే పురుగు. ముందు నీళ్ళు గట్టిగా కొట్టి కడుగు. తర్వాత 5 మి.లీ. వేపనూనెలో కొంచెం సబ్బు నీళ్ళు వేసి బాగా గిలక్కొట్టి, అప్పుడు లీటరు నీళ్ళలో కలిపి సాయంత్రం చల్లు. సబ్బు లేకపోతే నూనె పైనే తేలిపోతుంది. ఆకుల వెనక తడవకపోతే చేసిందంతా దండగ.

నీళ్ళ గురించి నీకు చాలా టెన్షన్ ఉన్నట్టుంది. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు పెట్టు, చెమ్మ తగిలితే పోయకు. ఏప్రిల్, మే నెలల్లో మీ ఊళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె పెనంలా కాలుతుంది. మధ్యాహ్నం ఆకులు వేలాడి, సాయంత్రానికి లేచి నిలబడితే అది దాహం కాదు, ఎండకు తట్టుకునే తీరు. ఉదయం కూడా వాడి ఉంటేనే భయపడాలి. కుండీల కింద రెండేసి ఇటుకలు పెట్టు. వేడి వేరుకు తగలదు, అడుగున ఉన్న చిల్లు కూడా మూసుకుపోదు.

ఇక పేర్లు. ఒక్క ఆకు ఫోటో పంపి "ఇదేం మొక్క అవ్వా" అంటే ఎవరూ చెప్పలేరు. ఆకులు కాడకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయా, తుంచితే పాలు వస్తున్నాయా, నలిపితే ఏ వాసన, పువ్వు, కాయ ఎలా ఉన్నాయి, ఇవన్నీ కావాలి. నీ పసుపు గంట పువ్వుల మొక్కనే చూడు. ఆకు సన్నగా, పొడవుగా, తుంచితే తెల్లటి పాలు వస్తే అది పచ్చగన్నేరు. పూజకు కోస్తాం కానీ చెట్టంతా విషమే, గింజ మరీ ప్రమాదం. కింది వాటాలో చిన్న పిల్లాడున్నాడు కాబట్టి ఇది మాత్రం ఇవాళే చూసి చెప్పు. ఆకు అంచు రంపంలా ఉండి, ఒక కాడకు చాలా చిన్నాకులుండి, పొడవాటి సన్న కాయలుంటే టెకోమా, దానితో బాధ లేదు.

చామంతి కుండీలో తనంతట తాను మొలిచింది చామంతి కాదు, వయ్యారిభామ అనే కలుపు మొక్క. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. దాన్ని మాత్రం పువ్వు రాకముందే, చేతులకు సంచి తొడుక్కుని వేరుతో పీకు. ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి.

ఎవరో ఎర్రచందనం అని ఇచ్చిన మొక్క నిజమో కాదో అడిగావు. ఎర్రచందనానికి మామూలుగా ఒక కాడకు మూడు ఆకులు, గుండ్రంగా, దళసరిగా ఉంటాయి. అయిదూ ఏడూ ఉంటే వేగిస అనే వేరే చెట్టు అయ్యుండొచ్చు. మీ శేషాచలం లాంటి మన తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప అడవిలో ఎర్రచందనం తనంతట తాను పెరిగే చోటు లేదు. కుండీలో పెట్టి దాన్ని బాధపెట్టకు, నేల ఉన్నవాళ్ళకు ఇచ్చెయ్.

గులాబీ చూస్తే నాకు పాత దిగులు వచ్చింది. నేను మొదట కొన్న అంటు గులాబీకి అంటు ముడి (రెండు మొక్కలు అతికిన చోటు) కింద నుంచి బలమైన కొమ్మ లేచింది. మొక్క కోలుకుందని మురిసి, పేడ ఎరువంతా దానికే పోశాను. ఏడాది తిరిగేసరికి పైకొమ్మ ఎండిపోయింది, అడవి గులాబీ మిగిలింది. నీ ఫోటోలో ముడి కింద అలాంటి చిగురే ఉంది. దాన్ని వేరు దాకా చీల్చి తీసెయ్. అంటు మామిడికీ ఇదే.

బీర తీగకు పూలన్నీ రాలుతున్నాయని ఏడవకు. మొదట వచ్చేవి మగపూలే. పువ్వు కింద చిటికెనవేలంత పిందె ఉన్నదే ఆడపువ్వు. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, మగపువ్వు రెక్కలు తుంచి పుప్పొడి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దు. మల్లెను వానలు వెళ్ళాక కొన్నాళ్ళు నీళ్ళు ఆపి, మోకాలెత్తుకు కత్తిరించి, ఆకులన్నీ దూసి, అప్పుడు ఎరువు వేసి నీళ్ళు పెట్టు. ఎండ రోజుకు ఆరు గంటలైనా తగలాలి.

నా తీగ నుంచి బీర గింజలు పొట్లం కట్టి ఉంచాను. ఆదివారం చిత్తూరు వస్తే తీసుకుపో. పచ్చగన్నేరు సంగతి రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ అవ్వ