43 అంగుళాల టీవీ రేటు ఇంకా తగ్గించాలా? వద్దండి, ఎందుకో చెప్తాను

మీరు అడిగింది ఇది: మండల కేంద్రంలో కొత్తగా ఎలక్ట్రానిక్స్ షాపు పెట్టారు, పెద్దగా పేరు లేని కంపెనీ 43 అంగుళాల టీవీ 17,500కి ఇస్తున్నారు, పేరున్న కంపెనీదైతే పక్క టౌన్లో 27,000 చెప్తున్నారు, అయినా మీ దగ్గర పెట్టెలు కదలడం లేదు, 15,000కి దించితే కదులుతాయా అని.

దించకండి. నేను దించి చూశాను కాబట్టి చెప్తున్నాను.

నరసరావుపేటలో మా బాబాయి షాపులో 2012 నుంచి కౌంటర్లో ఉన్నాను, కొన్నేళ్ళుగా కొనుగోలూ అమ్మకమూ నేనే చూసుకుంటున్నాను. 2021 దసరాకి ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర పేరు లేని కంపెనీ 32 అంగుళాల స్మార్ట్ టీవీలు 20 తీసుకున్నాను, వాపసు లేదన్న ఒప్పందం మీద. 12,500కి పెట్టాను. దీపావళి దాటేసరికి ఆరు పోయాయి. సంక్రాంతికీ మిగిలినవి అలాగే ఉండేసరికి టెన్షన్ పట్టుకుంది, 9,990 అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి గుమ్మంలో పెట్టాను. జనం బాగానే లోపలికి వచ్చారు. కానీ వాళ్ళు అడిగే ప్రశ్న మారిపోయింది. 12,500 ఉన్నప్పుడు యూట్యూబ్ వస్తుందా, రిమోట్‌లో మాట్లాడితే వెతుకుతుందా అని అడిగేవాళ్ళు. 9,990 అనగానే ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు అని అడగడం మొదలుపెట్టారు. రొంపిచర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన టీవీ బొమ్మ వంక చూడనే లేదు, నేరుగా వెనక్కి వెళ్ళి, వంగి, మరల మీద గీతలున్నాయేమోనని వేలితో తడుముతూ, ‘ఇది విప్పి బాగుచేసిన సరుకా బాబూ?’ అన్నాడు. కొత్త టీవీ అండీ, సీలు నా చేత్తో నేనే తీశాను. ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. ఆ నెలంతా కలిపి పోయినవి రెండే.

ఆ పెద్దాయన తప్పేమీ లేదు. వంకాయైతే చేత్తో నొక్కి, పుచ్చుందేమో తిప్పి చూసి తీసుకుంటాం. టీవీ లోపల ప్యానెల్ ఎలాంటిదో, బోర్డు ఎన్నేళ్ళు వస్తుందో కొనేవాడికి తెలిసే దారేది? అతను చదవగలిగేవి రెండే ఉంటాయి, కంపెనీ పేరు, రేటు. పేరు తెలియనప్పుడు రేటు చూసే లోపల సరుకు ఎలాంటిదో లెక్కేసుకుంటాడు. నేను రేటు తగ్గించి సరుకు గురించి నా నోటితో నేనే చెడ్డగా చెప్పినట్టయింది.

మరి రేటు తగ్గిస్తే ఎగబడి కొన్నవి లేవా అంటే ఉన్నాయి. 2011లో అమెరికాలో హెచ్‌పీ కంపెనీ టచ్‌ప్యాడ్ అనే ట్యాబ్లెట్ జులై 1న 499 డాలర్లకి తెచ్చింది. ఐప్యాడ్ కూడా అదే రేటులో దొరుకుతుంటే దీన్ని ఎవరు కొంటారు, అమ్మకం లేదు. ఆగస్టు 18న ఇక తయారు చేయం అని ప్రకటించి, ఒకటి రెండు రోజుల్లో 99 డాలర్లకి దించేశారు. అంతే, రోజుల్లో ఖాళీ. దుకాణాల ముందు వరసలు కట్టారు, కంపెనీ మళ్ళీ కొన్ని తయారు చేయాల్సి వచ్చింది. అది అమ్మకం అనిపించుకోదు, నష్టానికి వదిలించుకోవడం, అయినా మీకు పనికొచ్చే విషయం ఒకటి అందులో ఉంది. హెచ్‌పీ పేరు అందరికీ తెలుసు, నిన్నటి దాకా 499 ఉందన్నదీ తెలుసు, ఎందుకు తగ్గించారో పేపర్లలో వచ్చింది. తగ్గింపుకి కారణం జనానికి ముందే తెలిసిపోయింది. మీ 15,000 వెనక కారణం ఏమిటో మీ ఊళ్ళో ఎవరికీ తెలియదు, తెలియనప్పుడు ఆ కారణాన్ని వాళ్ళే ఊహించుకుంటారు, ఆ ఊహ ఎప్పుడూ చెడ్డదే అవుతుంది.

ఎంఆర్‌పీ కొట్టేసి పక్కన తక్కువ రేటు రాసినా ఇప్పుడు పెద్దగా పనిచేయడం లేదు. పెట్టె మీద స్టిక్కర్ రేటుకి ఎవరూ అమ్మరని, అసలు రేటు వేరే ఉంటుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మనం ఎంఓపీ అంటామే, మార్కెట్లో నడిచే రేటు, అది ఫోన్లో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. 2018 ఫిబ్రవరిలో షావోమీ 55 అంగుళాల టీవీ 39,999కి తెచ్చినప్పుడు మా షాపులో దాన్ని అమ్మలేదు, కానీ కొన్నాళ్ళ పాటు రోజూ దాని గురించే మాట్లాడాల్సి వచ్చింది, ఎందుకంటే వచ్చిన ప్రతివాడూ ఫోన్ తీసి ఆ రేటు చూపించి మాట మొదలుపెట్టేవాడు. ఏ రేటైనా దేని పక్కన పెట్టి చూస్తున్నారన్న దాన్ని బట్టే ఎక్కువా తక్కువా అవుతుంది.

రేటు తగ్గుతుందన్న మాట ఒక్కటే అమ్మకాన్ని ఎలా ఆపేస్తుందో 2025లో కళ్ళారా చూశాను. ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామన్నారు, సెప్టెంబర్ 3న కౌన్సిల్ నిర్ణయం, అమలు 22 నుంచి. ఏసీలు, 32 అంగుళాలు దాటిన టీవీలు 28 నుంచి 18 శాతానికి వస్తాయి. ఈ మధ్యలో వినాయక చవితి వచ్చింది, మాకు మామూలుగా మంచి బేరాలుండే పండగ. షాపులోకి వచ్చినవాళ్ళు చూసుకుని, మోడల్ నంబరు రాసుకుని, ‘పన్ను తగ్గాక వస్తాం’ అని వెళ్ళిపోయారు. కొన్ని రోజులు సాయంత్రం దాకా బోణీ లేదు. నేను వాళ్ళ స్థానంలో ఉన్నా అదే చేసేవాణ్ణి, ఇంకొన్ని వారాలు ఆగితే రెండున్నర వేలు మిగులుతుంటే ఎవరు మాత్రం కొంటారు? అందుకే పండగ ముందు తగ్గిస్తాం అని ముందుగా ప్రచారం చేయకండి. అప్పటిదాకా ఉన్న బేరాలు కూడా ఆగిపోతాయి.

22 రానే వచ్చింది, నవరాత్రుల మొదటి రోజు, షాపు నిండిపోయింది. అప్పుడు వేరే గొడవ మొదలైంది. పది శాతం తగ్గింది కదా, 32,000 టీవీకి 3,200 తగ్గాలి అని ఒకాయన గట్టిగా అడిగాడు. బిల్లు పుస్తకం వెనక కాగితం మీద రాసి చూపించాను: పన్ను లేకుండా 25,000, దాని మీద 28 శాతం వేస్తే 32,000, 18 శాతం వేస్తే 29,500. తగ్గేది 2,500. మనం చెల్లించే రేటు మీద చూస్తే అది 7.8 శాతమే వస్తుంది, పది రాదు. ఆయన ఆ కాగితం చింపుకుని జేబులో పెట్టుకుని, బయట ఇంకెవరినో అడిగి, గంట తర్వాత వచ్చి కొన్నాడు. ఆ రోజు నుంచి ఆ లెక్క పెద్ద కాగితం మీద రాసి గోడకి అంటించాను, వాదనలు సగం తగ్గాయి. ఫ్రిజ్‌లకీ వాషింగ్ మెషీన్లకీ ఎందుకు తగ్గలేదని అడిగినవాళ్ళకి, అవి 2018 జులై నుంచే 18లో ఉన్నాయని కూడా దాని కిందే రాశాను. రేటు ఎలా వచ్చిందో చూపిస్తే అదే రేటు ఒప్పుకుంటారు.

డిమాండ్ సంగతి వేరే. కొన్నిసార్లు తప్పు రేటుది కాదు, చేతిలో డబ్బులే ఉండవు. మా పల్నాడులో మిర్చి డబ్బు వచ్చే నెలల్లో పెద్ద టీవీలు పోతాయి. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది చూడండి, ఆ సీజన్లో 55 అంగుళాలవి ఎంత తగ్గించి చెప్పినా అడిగినవాడు లేడు. మూఢాల్లో పెళ్ళిళ్ళు ఉండవు, కాబట్టి ఫ్రిజ్‌లు కదలవు. అలాంటప్పుడు రేటు తగ్గించడం అంటే నెల తర్వాత ఎలాగూ కొనేవాడికి మన లాభం ముందే ఇచ్చేయడం. ముందు మీ ఊళ్ళో డబ్బు ఎప్పుడు తిరుగుతుందో ఒక కాగితం మీద రాసుకోండి.

పెళ్ళి సామాను కొనేవాళ్ళ లెక్క ఇంకా వేరు. ఒక తండ్రి కూతురికి సారె ఫ్రిజ్ కోసం వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చాడు, వద్దన్నా వినలేదు. 15,000 సింగిల్ డోర్ చాలండి, ఇద్దరే కదా అని నేనే చెప్పాను, నిజంగానే ఇద్దరికి అది చాలు. ఆయన డబుల్ డోర్ దగ్గరే నిలబడి, తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి, ‘అల్లుడుగారి ఇంట్లో ఇదే కంపెనీ ఉంది బాబూ’ అన్నాడు. 26,000. అంత పెట్టగలడా అని నాకే బెంగ వేసింది. ఆయన కొంటున్నది వియ్యాలవారి ముందు కూతురికి మాట రాకుండా ఉండటం, దానికి లీటర్ల లెక్కతో పని లేదు. తక్కువ రేటు పదే పదే చెప్పి నేను ఆయన్ని ఇబ్బంది పెట్టానని తర్వాత అర్థమైంది. వాయిదాల మీద ఇచ్చాను.

వాయిదాలంటే గుర్తొచ్చింది, ‘వడ్డీ లేదు’ అనే మాట జాగ్రత్తగా వాడండి. జీరో వడ్డీ పథకాలు వద్దని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది, ఇప్పుడు నడిచే నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఉంటుంది, ఆ మేరకు రేటులో తగ్గింపు ఇస్తారు, అంతే. ప్రాసెసింగ్ ఫీజు సహా ముందే చెప్పేయండి. రైతులకి నెలనెలా కట్టడం కష్టం, జీతాలవాళ్ళకైతే 17,500 కంటే నెలకి ఎంత అన్నదే ముఖ్యం.

ఇక మీ టీవీ సంగతి. నా 12 టీవీలు చివరికి ఎలా పోయాయో చెప్తాను. 9,990 బోర్డు తీసేసి 11,990 చేశాను. టౌన్లో ఉన్న టీవీ మెకానిక్‌తో మాట్లాడుకుని, టీవీకి 300 చొప్పున అతనికి ముందే ఇచ్చి, ‘మూడేళ్ళు ఏ రిపేరు వచ్చినా ఇంటికి వచ్చి చేస్తాం’ అని బిల్లు మీదే రాసి, కింద అతని నంబరూ నా నంబరూ వేశాను. పేరున్న కంపెనీ 16,500 టీవీ పక్కనే దీన్ని పెట్టి, రెండింట్లోనూ ఒకే పాట నడిపాను. తేడా ఉందండి, రంగులు కొంచెం తక్కువ, అదీ దాచలేదు, తేడా ఇది, 4,500 మిగులుతుంది అని చెప్పాను. ఉగాదికి 12 అయిపోయాయి. మూడేళ్ళలో మూడు రిపేర్లు వచ్చాయి, సామాన్లకి నాకు 2,600 దాకా అయింది.

మీరు 15,000కి దించితే ఒక్కో టీవీ మీద 2,500 వదులుకుంటారు. అందులో వెయ్యి మెకానిక్‌కీ వాల్ మౌంట్ బిగించడానికీ పెట్టి, 17,500 అలాగే ఉంచండి. 27,000 టీవీ ఒకటి, అమ్ముడు కాకపోయినా సరే, డిస్‌ప్లే కోసం తెచ్చి పక్కన పెట్టండి. మెకానిక్ మీ ఊరివాడే అయితే ఇంకా మంచిది, అతన్ని సాయంత్రాలు కాసేపు షాపులో కూర్చోమనండి, కొనేవాళ్ళు టీవీ గురించి మిమ్మల్ని అడగరు, అతన్నే అడుగుతారు.