కళ్లద్దాలున్నా పైలట్ కావచ్చా?

ప్రశ్న: నా వయసు 18 ఏళ్లు. రెండు కళ్లకూ మైనస్ 3.5 పవర్ ఉంది. కమర్షియల్ పైలట్ కావాలన్నది నా కోరిక. అద్దాలుంటే మెడికల్‌లో తీసుకోరని చెబుతుండటంతో వెంటనే లేసిక్ (పవర్‌ను సరిచేసే లేజర్ కంటి సర్జరీ) చేయించుకుందామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: అద్దాలున్నంత మాత్రాన పైలట్ ఉద్యోగానికి అనర్హులవుతారన్నది అపోహ మాత్రమే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం, కమర్షియల్ పైలట్‌కు అవసరమైన క్లాస్ 1 మెడికల్ సర్టిఫికెట్ పొందడానికి అద్దాలతోగానీ, అవి లేకుండాగానీ, ఒక్కో కంటికి విడిగా కనీసం 6/9, రెండు కళ్లకూ కలిపి 6/6 దూరపు చూపు ఉంటే చాలు (6/6 అంటే సాధారణ చూపు, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు). అద్దాలు లేనప్పుడు మీ చూపు 6/60 కన్నా తక్కువగా ఉంటే (మీ పవర్‌కు ఇది సాధ్యమే) కంటి వైద్యులు ఇచ్చే సమగ్ర నివేదిక కూడా జతచేయాల్సి ఉంటుంది. విమానం నడిపేటప్పుడు అద్దాలు పెట్టుకోవడంతోపాటు మరో జతను చేతికి అందేలా ఉంచుకోవాలి.

లేసిక్ విషయంలో మాత్రం తొందరపడవద్దని గట్టిగా చెబుతాను. ఈ వయసులో పవర్ ఇంకా మారుతూ ఉండవచ్చు కాబట్టి, ఇప్పుడు సర్జరీ చేయించుకున్నా కొన్నేళ్లకు మళ్లీ అద్దాల అవసరం రావచ్చు. పైగా కొందరిలో సర్జరీ తర్వాత కళ్లు పొడిబారడం, రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనిపించడం వంటి ఇబ్బందులు తలెత్తుతాయి. రాత్రిపూట రన్‌వే మీద దిగాల్సిన వ్యక్తికి ఇవి చిన్న సమస్యలు కావు.

అన్నిటికన్నా ముందు మీరు చేయించుకోవాల్సింది రంగులను గుర్తించే పరీక్ష. పవర్‌ను అద్దాలతో సరిచేయవచ్చుగానీ, పుట్టుకతో వచ్చిన వర్ణాంధత్వానికి అటువంటి పరిష్కారం లేదు. రన్‌వే పక్కనుండే నాలుగు దీపాల వరుసలో రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే విమానం సరైన ఎత్తులో దిగుతున్నట్టు. నాలుగూ ఎర్రగా కనిపిస్తే ప్రమాదకరమైనంత కిందికి వచ్చేసినట్టు. ఆ తేడాను పైలట్ క్షణాల్లో పసిగట్టాలి. చుక్కల మధ్య అంకెలను గుర్తించే ఇషిహారా పరీక్షలో తడబడినా నిరాశపడనక్కర్లేదు, రంగు దీపాలను గుర్తించే ల్యాంటర్న్ వంటి తదుపరి పరీక్షల్లో నెగ్గితే అర్హత లభిస్తుంది. రంగు లెన్సులు పెట్టుకుని గట్టెక్కుదామని మాత్రం ప్రయత్నించకండి, వాటిని అనుమతించరు.

కాంటాక్ట్ లెన్సులు కూడా వాడుతుంటే, అవి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఆకారాన్ని తాత్కాలికంగా మార్చగలవు కనుక, పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో మీ కంటి వైద్యులను అడిగి తెలుసుకోండి. శిక్షణ ఫీజు కట్టడానికి ముందే క్లాస్ 1 మెడికల్ పూర్తిచేసుకోండి.