అప్‌డేట్ తర్వాత మూడు రోజులు ఆగు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

బుధవారం రాత్రి ట్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి కొత్త వెర్షన్ వేశానని, రాత్రి దాకా వచ్చే ఛార్జింగ్ గురువారం మధ్యాహ్నానికే అయిపోయిందని రాశావు. అన్నీ చెరిపేసి ట్యాబ్‌ను కొత్తదానిలా చేసే ఫ్యాక్టరీ రీసెట్ చేస్తాను, అప్పటికీ దారికి రాకపోతే బ్యాటరీ మార్పిస్తాను అన్నావు. ఆ రెండు పనులూ ఇప్పుడే చేయవద్దు.

హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఇరవై రెండేళ్లు రిపేరు బల్ల ముందు కూర్చున్నాను. పెద్ద అప్‌డేట్ వచ్చిన వారం బ్యాటరీ పోయిందంటూ వచ్చినవారిలో చాలామందికి బ్యాటరీ బాగానే ఉండేది. గృహప్రవేశం అయ్యాక కూడా సామాను సర్దడం మిగిలి ఉన్నట్టే, తెర మీద అప్‌డేట్ పూర్తయిందని కనిపించినా లోపల పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. ట్యాబ్ ఫొటోలన్నీ మళ్లీ చూసి ముఖాలు గుర్తుపట్టుకుంటుంది, వెతికితే దొరికేలా ఫైళ్లకు కొత్త సూచిక తయారుచేసుకుంటుంది, యాప్‌లను కొత్త వ్యవస్థకు తగ్గట్టు సిద్ధం చేసుకుంటుంది. ఆ వారంలోనే యాప్‌ల అప్‌డేట్లు కూడా వరుసగా దిగుతాయి. పక్కన పెట్టేసిన ట్యాబ్ వీపు కూడా గోరువెచ్చగా తగిలేది అందుకే.

ఒకసారి రిటైరైన టీచరు గారు ఒకరు ట్యాబ్ తెచ్చారు. అందులో మనవరాలి ఫొటోలే పదకొండు వేలు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరిస్తే అన్నింటికంటే పైన ఫొటోల యాప్ ఉంది. నేను స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. రెండు రాత్రులు ఛార్జర్ పెట్టి, వైఫై ఆన్ చేసి, తెర ఆపి వదిలేయమన్నాను. మూడో రోజు ఆవిడ ఫోను చేసి, పాత రోజుల్లాగే వస్తోందని చెప్పారు. నువ్వూ అదే చెయ్యి. మాటిమాటికీ రీస్టార్ట్ చేస్తే జరుగుతున్న పనికి అడ్డు తగిలినట్టే. ఇక రీసెట్ చేశావంటే ఆ పని అంతా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. పైగా వేరేచోట కాపీ దాచుకోని నోట్సు పోతుంది.

మూడు రోజులయ్యాక కొలిచి చూడు. నూరు శాతం ఛార్జ్ చేసి, వెలుతురు సగానికి పెట్టి, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న పాఠం వీడియో సరిగ్గా గంటసేపు నడిపించు. ఎంత శాతం తగ్గిందో తేదీతో, వెర్షన్ నంబరుతో సహా నోటుపుస్తకంలో రాయి. డౌన్‌లోడ్ చేసినదే ఎందుకంటే, సిగ్నల్ బాగా లేనప్పుడు ట్యాబ్‌లో సిగ్నల్ పట్టే రేడియో భాగం ఎక్కువ కరెంటు తాగి లెక్క చెడగొడుతుంది. ఇకపై ప్రతి పెద్ద అప్‌డేట్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇలా కొలుచుకో. ఛార్జింగ్ త్వరగా పోతోందని మనసుకు అనిపించడం వేరు, అంకె వేరు.

గంటలో తగ్గిన శాతం మరీ ఎక్కువగా ఉంటే బ్యాటరీ పేజీలో ఏ యాప్ ఎక్కువ వాడుతోందో చూడు. ఒక్కటే కనిపిస్తే దాన్ని అప్‌డేట్ చెయ్యి, లేదంటే తీసేసి మళ్లీ వేసుకో. అప్‌డేట్‌తో వచ్చిన కొత్త సౌకర్యాలు కొన్ని వాటంతట అవే ఆన్ అయి ఉండవచ్చు. లొకేషన్, తెర వెలుతురు, తెర రిఫ్రెష్ రేటు (తెర మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) ఒకసారి సరిచూసుకో.

పాత బ్యాటరీలను కంపెనీలు కావాలనే పాడుచేస్తాయని మీ నాన్న అన్నాడన్నావు. ఆ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. 2017 జనవరిలో యాపిల్ ఇచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత, బ్యాటరీ నీరసించిన కొన్ని ఐఫోన్లు నెమ్మదించాయి. ముసలి బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేక ఫోను ఆరిపోతోందని, దాన్ని ఆపడానికే వేగం తగ్గించామని ఆ కంపెనీ ఆ ఏడాది డిసెంబరులో ఒప్పుకుంది. ముందే చెప్పకపోవడం తప్పే. విమర్శలు వచ్చాక 2018 మార్చిలో ఐఫోన్లలో బ్యాటరీ ఆరోగ్యం చూసుకునే పేజీ పెట్టారు. కానీ అక్కడ అప్‌డేట్ బ్యాటరీని అరగదీయలేదు, అప్పటికే అరిగిన బ్యాటరీకి తగ్గట్టు ఫోను పనిని తగ్గించింది. నిజంగా బ్యాటరీ అరిగిన వాటిలో నా బల్ల మీద కూడా ఇదే చూశాను. నాలుగేళ్ల బ్యాటరీ పాత వెర్షన్ బరువును ఎలాగో మోస్తూ ఉంటుంది. కొత్త వెర్షన్ ఇంకాస్త బరువు పెట్టేసరికి దాని నీరసం బయటపడుతుంది.

ఐప్యాడ్ బ్యాటరీ వెయ్యి పూర్తి ఛార్జ్ సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారవుతుందని యాపిల్ చెబుతుంది. సైకిల్ అంటే ఛార్జర్ పెట్టిన ప్రతిసారీ కాదు, మొత్తం కలిపి నూరు శాతం వాడితే ఒకటి. ఆ లెక్కను మన ఎండలు తారుమారు చేస్తాయి. 35 డిగ్రీలు దాటిన చోట వాడవద్దని ఆ కంపెనీయే అంటుంది. మన రామగుండంలో వేసవికి 45 దాటిన రోజులున్నాయి. మధ్యాహ్నం కిటికీ పక్కన, మందపాటి కవరు తీయకుండా ఛార్జింగ్ పెట్టి వీడియో చూడటం నీ అలవాటని నాకు తెలుసు. అప్‌డేట్లకంటే నీ బ్యాటరీకి ఎక్కువ చేటు చేసేది అదే. దయచేసి మానుకో. నీ ట్యాబ్‌లో ఛార్జింగ్‌ను 80 లేదా 85 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే, కొలిచే రోజు తప్ప మిగతా రోజుల్లో ఆన్ చేసుకో.

విసిగిపోయి అప్‌డేట్లు మొత్తం ఆపేయాలని మాత్రం అనుకోకు. భద్రత కోసం వచ్చే చిన్న అప్‌డేట్లు వెంటనే వేసుకో. దానిలోనే బ్యాంకు యాప్ కూడా పెట్టుకున్నావు కదా. పెద్ద వెర్షన్‌కు మాత్రం రెండు వారాలు ఆగితే, మొదట్లో దొర్లిన తప్పులు సరిదిద్దినది వస్తుంది. పరీక్షల వారంలో అసలు వేయకు. వేశాక నచ్చలేదని వెనక్కి వెళ్లే దారి చాలా ట్యాబ్‌లలో ఉండదు.

ఇంకొక్క మాట, ఇది ఈ రాత్రే చూడు. కవరు తీసి, వెలుతురు కింద ట్యాబ్‌ను పక్కకు తిప్పి అంచు చుట్టూ గమనించు. గాజు ఎక్కడైనా గోరు పట్టేంత పైకి లేచినా, బల్ల మీద బోర్లా పెడితే ఊగినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు మూడు రోజులు ఆగడం, కొలతలు ఏవీ వద్దు. ఛార్జర్ తీసేయి, స్విచ్ ఆపేయి, ఉబ్బిన చోట నొక్కకు, వెంటనే నాకు ఫోను చెయ్యి. అలా లేకపోతే, ఆదివారం సాయంత్రం ఆ గంట లెక్క రాసి పంపు.

ఇట్లు,
పెదనాన్న