దూరపు దీవులు ఇంకా వేరే దేశాల కిందే ఎందుకున్నాయి? ఓడల్లో తిరిగే యానాం వాడి జవాబు

ప్రశ్న ఇది: "ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాలకు ఎక్కడో సముద్రాల్లో ఇప్పటికీ భూభాగాలున్నాయి. అవి వలసలే కదా? అక్కడివాళ్లు స్వాతంత్ర్యం ఎందుకు అడగరు?"

నాది యానాం. పన్నెండేళ్లుగా బొగ్గు, ఖనిజం లాంటి సరుకు మోసే బల్క్ క్యారియర్ ఓడల్లో, ఇంజిన్ రూంలో పని. నేను జవాబు రాయడానికి ఈ రెండే కారణాలు.

ముందు మా నాయనమ్మ పెళ్లి సంగతి చెప్పాలి. ఆవిడది గోదావరి అవతల కోనసీమలో ఒక పల్లె. పెళ్లి మాత్రం యానాంలో చేశారు. అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్లు. 14 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయకూడదని 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. సొంతూళ్లో పందిరి వేస్తే కేసు. యానాం అప్పట్లో పరాసు దొరలది, అంటే ఫ్రెంచ్ వాళ్లది కాబట్టి అక్కడ ఆ చట్టం చెల్లదు. పడవెక్కి ఏరు దాటితే చాలు, వేరే దేశం. చుట్టుపక్కల నుంచి అలా వచ్చే పెళ్లివారి వల్లే యానాంకు కళ్యాణపురం అనే పేరు పడింది. నాయనమ్మ ఈ సంగతి గొప్పగానూ చెప్పేది కాదు, బాధగానూ చెప్పేది కాదు. పడవలో పట్టుచీర మీద వాంతి చేసుకున్నానని మాత్రం ప్రతిసారీ చెప్పేది.

ఇది ఎందుకు చెప్పానంటే, ఇలాంటి చోట్ల జెండా ఎవరిదని అడిగితే పెద్దగా ఏమీ తెలియదు. చట్టం ఎవరిది, పాస్‌పోర్ట్ ఎవరిది, కొట్లో సరుకు ధర ఎవరు తేలుస్తారు, ఓటు ఎక్కడ పడుతుంది అని అడగాలి. నేను చూసిన ప్రతి చోటా ఈ నాలుగింటికీ వేర్వేరు జవాబులొచ్చాయి.

నాకు బాగా తెలిసింది రీయూనియన్. మడగాస్కర్‌కు తూర్పున, మారిషస్ పక్కన ఉంటుంది. దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బేలో బొగ్గు ఎత్తుకుని అక్కడికి వెళ్లాం. అప్పట్లో ఆ దీవిలో కరెంటు చాలావరకు బొగ్గుతోనూ, చెరకు పిప్పితోనూ తీసేవారు. పారిస్ నుంచి విమానంలో పదకొండు గంటల దూరం. అయినా కాగితం మీద అది ఫ్రాన్స్‌లో ఒక జిల్లా, అంతే. 1946 మార్చి 19న మార్టినిక్, గ్వాడెలూప్, ఫ్రెంచ్ గయానాలతో పాటు దీనికీ వలస హోదా తీసేసి మామూలు డిపార్ట్‌మెంట్ చేశారు. మన కలెక్టర్ లాంటి ప్రిఫెక్ట్ ఉంటాడు. పారిస్ పార్లమెంటు దిగువ సభకు ఏడుగురు సభ్యులు వెళ్తారు. డబ్బు యూరో. 2002 జనవరి 1న యూరో నోట్లు వచ్చినప్పుడు వాటితో మొట్టమొదటి కొనుగోలు జరిగింది కూడా ఇక్కడేనట, ఒక కిలో లీచీ పళ్లు. పారిస్‌లో ఇంకా తెల్లారలేదు మరి.

"ఫ్రాన్సే కదా" అని మేమూ అనుకున్నాం. మా ఫిట్టర్ కాంట్రాక్ట్ అక్కడితో అయిపోయింది, దిగి ఇంటికి వెళ్లాలి. అంతకుముందు నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో ఓడెక్కినప్పుడు తీసుకున్న షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, ఇంకా చెల్లుబాటులో ఉంది. మా షిప్పింగ్ ఏజెంట్ అదే చాలని చెప్పి వేరే కాగితాలేమీ పెట్టలేదు. సరిహద్దు పోలీసు వీసా తిరగేసి చూసి నవ్వాడు. ఫ్రాన్సేనట, షెంజెన్ మాత్రం కాదట. మా ఫిట్టర్ మూడు రోజులు ఓడలోనే పెట్టె సర్దుకుని కూర్చున్నాడు. కొత్త ఫిట్టర్ అప్పటికే వచ్చేశాడు కాబట్టి ఇతనికి పనీ లేదు, ఇల్లూ లేదు. ఆ మూడు రోజులు ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో తెలియక పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

నాకు మాత్రం ఒక పూట సెలవు దొరికింది. ఊళ్లోకి తీసుకెళ్లిన టాక్సీ డ్రైవర్ మనిషి మనవాడిలాగే ఉన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో తాను మలబార్ అన్నాడు. కేరళ అనుకున్నాను, కాదు. దక్షిణ భారతం నుంచి చెరకు తోటలకు వచ్చిన హిందువుల సంతతిని అక్కడ అందరినీ మలబార్ అనే అంటారు, ఎక్కువమంది తమిళులే. వీళ్లలో మొదట వచ్చింది మాత్రం మనవాళ్లు. 1828లో 'తుర్క్వాజ్' అనే ఓడలో యానాం నుంచి పదిహేను మంది తెలుగు కూలీలను ఎక్కించుకుపోయారు. 1848 డిసెంబర్ 20న అక్కడ బానిసత్వం రద్దయ్యాక తోటల్లో పనికి మనుషులు కరువై, వేలకు వేలమందిని తెచ్చారు. 1861లో బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం చేసుకుని బ్రిటిష్ ఇండియా నుంచి కూడా తీసుకెళ్లారు. కూలీలను చూసే తీరు బాగాలేదన్న ఫిర్యాదులతో 1882లో బ్రిటిష్ వాళ్లే ఆపేశారు.

నాది యానాం అని, 1954 దాకా అదీ ఫ్రాన్స్ కిందే ఉండేదని చెబితే అతనికి నమ్మకం కుదరలేదు. ఫోన్‌లో మ్యాప్ చూపించాను. కాసేపు చూసి ఒక్కటే అడిగాడు: "అయితే మీకు ఫ్రాన్స్ అలవెన్సులు రావా?" రావని చెప్పాను. అయ్యో అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు.

మీ ప్రశ్నకు సగం జవాబు ఆ "అయ్యో"లోనే ఉంది. పింఛను, ఆసుపత్రి ఖర్చు, నిరుద్యోగ భృతి, పిల్లల డబ్బులు, యూరప్ మొత్తం తిరగగలిగే పాస్‌పోర్ట్. ఇవన్నీ వదులుకుని సొంత జెండా ఎగరేయమంటే ఇంటి పెద్ద ఎవరైనా లెక్క వేసుకుంటాడు. దాన్ని బానిస మనస్తత్వం అని మనం ఇక్కడ కూర్చుని తేలిగ్గా అనేస్తాం. నాకైతే అలా అనబుద్ధి కాదు.

అలాగని అంతా సుఖమేననీ కాదు. దిగుమతి సరుకు మీద 'ఒక్త్రువా ద మేర్' అని సముద్రపు సుంకం వేస్తారు. రవాణా ఖర్చు దానికి అదనం. సూపర్ మార్కెట్‌లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన పెరుగు ధర చూసి డబ్బా మళ్లీ అరలో పెట్టేశాను. అందరూ సమానమని 1946లో చట్టం రాసి, కనీస వేతనాన్ని ఫ్రాన్స్‌తో సమానం చేయడానికి 1996 దాకా తీసుకున్నారు. ఇంకా ఘోరం ఒకటుంది. 1962 నుంచి 1984 మధ్య ఆ దీవి నుంచి సుమారు 2,000 మంది పిల్లల్ని తీసుకెళ్లి, ఫ్రాన్స్‌లో జనం తగ్గిపోతున్న పల్లె జిల్లాల్లో పెంపకానికి, పనికి పంచేశారు. తల్లిదండ్రులకు చదువులు చెప్పిస్తామన్నారు. చాలామంది మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. 2014లో ఫ్రెంచ్ పార్లమెంటు దీనికి నైతిక బాధ్యత ఒప్పుకుంది. నాకిది చెప్పింది కూడా ఆ డ్రైవరే, ఫ్రాన్స్ గురించి అంత మంచిగా మాట్లాడిన పూటే.

సరిగ్గా ఆ 1962లోనే మా యానాంను ఫ్రాన్స్ చట్టప్రకారం వదిలింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. నవంబర్ 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు పాలన భారత్ చేతికొచ్చింది. అప్పగింత ఒప్పందం 1956లో కుదిరినా, పారిస్ ఆమోదించి అమల్లోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16 అయింది. అందుకే మా దగ్గర ఆగస్టు 15 మర్నాడు కూడా జెండా పండగే.

ఆ ఒప్పందంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఇక్కడ పుట్టి ఇక్కడే ఉంటున్న ఫ్రెంచ్ పౌరులు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా కోరుకుంటే ఫ్రెంచ్ పౌరులుగానే ఉండవచ్చు, లేకపోతే భారతీయులైపోతారు. మా తాతయ్య కాగితం పెట్టలేదు. అలాంటి కాగితం ఒకటుందని ఆయనకు తెలుసో లేదో కూడా మా ఇంట్లో ఎవరూ అడగలేదు. పుదుచ్చేరిలో కాగితం పెట్టిన కుటుంబాల సంతతి ఇప్పటికీ వేలల్లో ఉంది, ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికలకు అక్కడి నుంచే ఓటేస్తారు. నేను ప్రతి కాంట్రాక్ట్‌కూ వీసాల కోసం పడే పాట్లు చూసి మా ఆవిడ ఆ ఆరు నెలల సంగతి ఎత్తుతుంది, సరదాకే లెండి.

విలీనమైనా పాత గీత చెరగలేదు, అదో విచిత్రం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, కాకినాడ ముప్పై కిలోమీటర్ల దూరం. మా ప్రభుత్వం మాత్రం 800 కిలోమీటర్లకు పైగా అవతల పుదుచ్చేరిలో. బండి నంబరు పీవై 04, హైకోర్టు చెన్నైలో. ముప్పై మంది ఎన్నికైన ఎమ్మెల్యేల్లో మాకు ఒక్కడు. ఆంధ్రలో కలపమంటే ఊళ్లో ఎంతమంది ఒప్పుకుంటారు? పన్నులు వేరు, పథకాలు వేరు, మద్యం ధరలు వేరు. ఇక్కడా అదే లెక్క.

న్యూ కాలెడోనియా వేరే కథ. అదీ ఫ్రాన్స్‌దే, ఆస్ట్రేలియాకు తూర్పున ఉంటుంది. అక్కడ నికెల్ ఖనిజం ఎత్తుకోవడానికి వెళ్లాం. కొండలన్నీ ఎర్రగా, చర్మం ఒలిచినట్టుంటాయి. ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే బార్జీల్లో మట్టి తెచ్చి పోస్తారు. ఆ మట్టి అంటే ఓడవాళ్లకు హడల్. తడి ఎక్కువగా ఉంటే ప్రయాణంలో అదురుకు బురదలా జారి ఒక పక్కకు చేరుతుంది, ఓడ ఒరిగి మునిగిపోతుంది. వానొస్తే లోడింగ్ ఆపి మూతలు వేసేవాళ్లం. అలా రోజుల తరబడి ఆ కొండల్నే చూస్తూ కూర్చున్నాం.

అక్కడి మూలవాసులు కనాక్‌లు. 1853లో ఫ్రాన్స్ ఆక్రమించి, ఖైదీలను, వలసదారులను తెచ్చి పెట్టడంతో వాళ్లు సొంత నేల మీదే సగం కంటే తక్కువైపోయారు. 1998లో రాజధాని నూమెయాలో కుదిరిన ఒప్పందం ప్రకారం స్వాతంత్ర్యంపై మూడుసార్లు ఓటు పెట్టారు. 2018లో వద్దన్నవారు 56.7 శాతం, 2020లో 53.3 శాతం. 2021లో ఏకంగా 96.5 శాతం. ఈ చివరి అంకె చూసి మోసపోకండి. కోవిడ్ చావుల సంతాపంలో ఉన్నాం, వాయిదా వేయండని కనాక్ పార్టీలు అడిగితే పారిస్ వినలేదు, వాళ్లు బహిష్కరించారు. సగం మంది కూడా ఓటేయలేదు. తర్వాత 1998కి ఇటువైపు వచ్చి స్థిరపడ్డవాళ్లకూ ప్రాంతీయ ఎన్నికల్లో ఓటు ఇవ్వబోతే 2024 మేలో నూమెయా తగలబడింది, పదిమందికి పైగా చనిపోయారు. కాబట్టి "ఎందుకు అడగరు" అన్న మాట ఇక్కడ చెల్లదు. అడుగుతున్నారు. ఓటరు జాబితాలో ఎవరుండాలన్నదే అక్కడ అసలు యుద్ధం.

స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న జిబ్రాల్టర్‌లో ఓడకు ఆయిల్ పట్టించుకోవడానికి చాలాసార్లు ఆగాం, దిగింది లేదు. 1713 నుంచి బ్రిటన్‌ది. స్పెయిన్‌లో కలుస్తారా అని 1967లో అడిగితే 12,138 మంది బ్రిటన్ అన్నారు, స్పెయిన్ అన్నది 44 మంది.

అమెరికా కింద ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టోరికోకు నేను వెళ్లలేదు, నాతో ట్రైనింగ్ అయిన స్నేహితుడు కంటైనర్ ఓడలో వెళ్లేవాడు. 1917 నుంచి అక్కడివాళ్లు అమెరికా పౌరులే. అయినా దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటేయలేరు, విమానమెక్కి ఫ్లోరిడాకు కాపురం మారిస్తే వేయొచ్చు. మా ఓడవాళ్ల కంటికి ఆనేది మాత్రం 1920 నాటి జోన్స్ చట్టం. అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకు సరుకు తేవాలంటే ఓడ అమెరికాలో కట్టినదై, అమెరికా జెండాతో, అమెరికా వాళ్ల చేతిలో ఉండాలి. అలాంటి ఓడలు తక్కువ, కిరాయి ఎక్కువ. 2017 సెప్టెంబర్‌లో మరియా తుఫాను దీవిని ఊడ్చేస్తే సహాయ సామగ్రి కోసం ఆ చట్టాన్ని పక్కన పెట్టారు, పది రోజులు!

ఇక హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల సంగతి. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వబోయే ముందు, 1965లో బ్రిటన్ వాటిని విడదీసి తన దగ్గర పెట్టుకుంది. వాటిలో ఒకటైన డియెగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1973 కల్లా అక్కడి జనాన్నంతా ఓడలెక్కించి మారిషస్, సీషెల్స్‌లో దించేశారు. దీవులను అలా మారిషస్ నుంచి విడదీయడం తప్పని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయం ఇచ్చింది. మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద 2025 మేలో సంతకాలయ్యాయి, స్థావరం మాత్రం 99 ఏళ్ల లీజు మీద ఉంటుందట. జిబ్రాల్టర్ జనాభిప్రాయమే ముఖ్యమని ఇన్నేళ్లుగా చెప్పే దేశమే ఇక్కడ అభిప్రాయం అడగాల్సిన జనమే లేకుండా చేసింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

చివరగా, ఈ చోట్లలో ఎక్కడికైనా ఉద్యోగానికో చదువుకో వెళ్లేవాళ్లకు ఒక మాట. టికెట్ కొనేముందే ఆ దీవికి వీసా నియమం ఏమిటో దాని పేరుతోనే కనుక్కోండి, పాలించే దేశం పేరుతో కాదు. ఫ్రెంచ్ భూభాగమైతే వీసా స్టిక్కర్ మీద ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది, చదవండి. మా ఫిట్టర్ ఇప్పుడు ఏ ఏజెంట్ ఏం చెప్పినా ముందు ఆ లైను చదివాకే పెట్టె సర్దుతాడు.