మాటుంగా భవనానికి వెనుక మెట్లు ఎందుకు?

ప్రశ్న: ముంబయిలోని మాటుంగాలో మా పెద్దమ్మగారు అద్దెకుంటున్న పాత భవనానికి మూడంతస్తులే ఉన్నాయి. బాల్కనీల మూలలు గుండ్రంగా ఉంటాయి. వెనుకవైపు, మరుగుదొడ్ల పక్కగా, ఇప్పుడెవరూ ఎక్కని సన్నటి మెట్లున్నాయి. ఆ వీధిలో చాలా భవనాలు ఇదే తీరున ఉన్నాయి. కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ భవనాల పోలికకు మూలం 1896లో బొంబాయిని చుట్టుముట్టిన ప్లేగు. గాలి, వెలుతురు చొరబడని ఇరుకిళ్ల వల్లే రోగం పాకుతోందని తలచిన ప్రభుత్వం 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును నెలకొల్పింది. ఆ ట్రస్టు ఊరికి ఉత్తరాన దాదర్, మాటుంగా వైపు భూములు సేకరించి, వీధులు తీర్చి, స్థలాలను దీర్ఘకాలపు లీజుకిస్తూ, అంతస్తులు ఇన్నికి మించరాదనీ, భవనం చుట్టూ ఇంత జాగా వదలాలనీ షరతులు పెట్టింది. మీరు చూసిన ఒకే ఎత్తు ఆ షరతుల ఫలితమే.

గుండ్రటి మూలలు, కిటికీల మీద కనుబొమల్లా సాగే సజ్జాలు 1930లలో సిమెంటు కాంక్రీటు వాడకంతోపాటు వ్యాపించిన ఆర్ట్ డెకో శైలికి చెందినవి. మెరైన్ డ్రైవ్‌లోని ఇదే శైలి భవనాలకు 2018లో యునెస్కో గుర్తింపు దక్కింది.

ఇక వెనుక మెట్ల సంగతి. అంతకుముందు నగరంలో సామాన్యులుండే చాళ్లలో ఒక్కో కుటుంబానికి ఒకటి రెండు గదులు, అందరికీ కలిపి వరండా చివర మరుగుదొడ్లు ఉండేవి. ఫ్లాటు తెచ్చిన అసలు మార్పు మరుగుదొడ్డి ఇంటిలోపలికి రావడమే. గుమాస్తా ఉద్యోగాలకని దక్షిణాది నుంచి వెళ్లి మాటుంగాలో స్థిరపడిన కుటుంబాలలో అగ్రవర్ణాలవారు ఎక్కువ. మన పాత ఇళ్లలో పెరటి చివర ఉండే దొడ్డి వంటగదికి నాలుగడుగుల దూరంలోకి రావడం వారికి మింగుడుపడలేదు. అందుకని దానిని ఇంటి వెనుక కొసకు నెట్టి, శుభ్రం చేసే మనిషి ముందు గదిలో అడుగుపెట్టకుండానే వచ్చిపోయేలా విడిగా మెట్లు కట్టారు. ఆధునికమని పేరుపడిన కట్టడంలో అంటరానితనానికి ఇలా ఒక దారి వేయడం, నా మటుకు, ఆ బాల్కనీల అందం కంటే ముందుగా గుర్తించవలసిన విషయం.

1947 నాటి చట్టం అద్దెలను కట్టడి చేశాక యజమానులకు మరమ్మతుల మీద ఆసక్తి సన్నగిల్లింది. పెచ్చులూడిన గోడలకు అదొక కారణం. మన రాష్ట్రంలో అపార్ట్‌మెంట్లకు ప్రత్యేక చట్టం వచ్చింది 1987లో. అప్పటికి ఇటువంటి మెట్ల అవసరం ఎవరికీ తోచలేదు.

ఈసారి వెళ్లినప్పుడు పెద్దమ్మగారి మరుగుదొడ్డి వెనుక గోడను పరిశీలించండి. అక్కడ రెండో తలుపు గానీ, దాన్ని ఇటుకలతో మూసేసిన గుర్తు గానీ కనిపించవచ్చు.