స్లాబులో వదిలే ఖాళీల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నార్సింగి దగ్గర కడుతున్న 20 అంతస్తుల అపార్ట్‌మెంటుకు సైట్ ఇంజినీరుగా చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది, చాలా సంతోషించాను. చువ్వలు కట్టించడం, కాంక్రీటు పోయించడం నీకు మేస్త్రీల దగ్గరే వచ్చేస్తాయి. డక్టుల (అంతస్తుల గుండా పైపులు నిలువుగా పోయే దారుల) కోసం, లిఫ్టు కోసం, పైపుల కోసం స్లాబులో మనమే కావాలని వదిలే ఖాళీల సంగతి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు కనుక, హైదరాబాదు సైట్లలో 34 ఏళ్లు గడిపినవాడిగా దాని గురించే వ్రాస్తున్నాను.

ఒకసారి ప్లంబింగు డక్టు ఖాళీ మీద, చీకటి పడుతుండగా, ఒక సెంట్రింగు (కాంక్రీటు గట్టిపడే వరకు దానిని మోసే తాత్కాలిక అచ్చు) ప్లైవుడ్ పలక పడేయమని చెప్పినవాడిని నేనే. మరునాడు ఉదయం పలకలు చాలక వెతుక్కుంటున్న ముఠాలోని పాలమూరు కుర్రవాడు దానిని మిగులు పలక అనుకొని రెండు చేతులా ఎత్తి, ఎదురుగా పట్టుకొని ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ పలకే అతని చూపుకు అడ్డమైంది. రెండు అంతస్తుల కిందికి పడిపోయాడు. ప్రాణం దక్కింది గాని మళ్లీ బరువు మోసే పని చేయలేకపోయాడు. ఖాళీని మూసే ఉంచామని విచారణలో నేను చెప్పినది అబద్ధం కాదు, అయినా ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. తెరిచి ఉన్న గుంతను చూసి మనిషి పక్కకు తప్పుకుంటాడు. వదులుగా కప్పిన గుంత మీదికి నమ్మకంగా నడిచి వస్తాడు. 3 మీటర్ల ఎత్తు నుంచి పడేవాడు ఒక్క సెకను కూడా గడవక ముందే, గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు.

అందుచేత నీ జాగ్రత్త కాంక్రీటు పోయక ముందే మొదలు కావాలి. పైపులు ఎప్పుడో నెలల తరువాత వచ్చే డక్టుల విషయంలో, స్ట్రక్చరల్ ఇంజినీరు అనుమతి తీసుకొని, స్లాబు చువ్వలను ఖాళీ మీదుగా జాలీలాగా అలాగే పోనివ్వు. ప్లంబరు పని మొదలుపెట్టిన రోజున, అవసరమైనంత మేరకే కోయిస్తే చాలు. ఇంత తేలికైన ఉపాయాన్ని ఎందుకు వాడరో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

జాలీ ఉన్నా పైన మూత ఉండవలసిందే, ఎందుకంటే దాని సందుల్లో కాలు ఇరుక్కుంటుంది, సుత్తి జారితే కింది అంతస్తులో ఉన్నవాడి తల పగులుతుంది. మూత నాలుగు వైపులా కనీసం జానెడు మేర స్లాబు మీద ఆనాలి. పక్కకు జరగకుండా దాని అడుగున ఖాళీ లోపలి అంచులకు ఒరుసుకొనేలా చెక్క పట్టీలు కొట్టించాలి. చేత్తో ఎత్తడానికి వీలు లేకుండా స్లాబుకు బోల్టులతో బిగించాలి. దాని మీదికి రాగల మనుషుల, సామగ్రి బరువుకు కనీసం రెట్టింపు మోయాలన్నది అమెరికా భద్రతా నిబంధనలలోని షరతు, దానిని నీవూ పాటించు: 70 కిలోల మనిషి 50 కిలోల సిమెంటు బస్తాతో నడిస్తే మూత 240 కిలోలకు ఆగాలి, ఇద్దరు నడిచే చోట 480 కిలోలకు. సెంట్రింగు పలకలతో కలిసిపోకుండా ఎర్ర రంగు వేయించి, ‘కింద గొయ్యి ఉంది, తీయరాదు’ అని తెలుగులోను, హిందీలోను, ఒడియాలోను వ్రాయించి, చదువు రానివారి కోసం పడిపోతున్న మనిషి బొమ్మ కూడా గీయించు.

మూతతో సరిపోని లిఫ్టు గుంతకు, మెట్ల ఖాళీకి నడుము పైవరకు వచ్చే కడ్డీ, దానికి దిగువన మధ్య కడ్డీ, అడుగున పనిముట్లు దొర్లిపోకుండా పాదపలక ఉండాలి. మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 4912 ఈ విషయం మీద వచ్చినదే, తెప్పించుకొని చదువు. పసుపు నలుపు రిబ్బను కట్టి సరిపెట్టే సూపర్‌వైజరును నమ్మవద్దు. తల మీద తట్టతో వచ్చే ఆడకూలీకి తన పాదాలే కనబడవు, రిబ్బను ఎలా కనబడుతుంది? ఆ కడ్డీలను, మూతలను బిగించేవాడు కూడా అంచున నిలబడేవాడే కనుక అతని బెల్టు తాడును పైపుకు కాక గట్టిపడిన కాలమ్‌కు కట్టించు.

మూతను తీయవలసిన ప్లంబరు, ఎలక్ట్రీషియను ముందుగా నీ దగ్గర సంతకం చేయాలి, తీసినంతసేపు అక్కడ ఒక మనిషిని నిలబెట్టాలి, పని సగంలో ఉన్నా భోజనానికి వెళ్లే ముందు తిరిగి బిగించాలి. నాకు ఎక్కువగా భయం కలిగించినది ఆ భోజన విరామమే.

వచ్చే వారం తొమ్మిదో అంతస్తు సెంట్రింగు విప్పుతారని మీ అమ్మతో అన్నావట. స్ట్రక్చరల్ డ్రాయింగులో, ప్లంబింగు డ్రాయింగులో ఉన్న ఖాళీలను ముందు రోజే లెక్కపెట్టి కాగితం మీద వ్రాసుకో, మూతలను ముందే పైకి చేర్పించు, విప్పిన రోజు పొద్దు కుంకక ముందే స్వయంగా తిరిగి ఆ లెక్కను సరిచూసుకో. ఒక్కటి తేడా వచ్చినా అది దొరికే వరకు ఆ అంతస్తు మీదికి ఎవరినీ పోనివ్వకు. కాంట్రాక్టరు గొడవ చేస్తే నాకు ఫోను చేయి, రాత్రి ఎంత పొద్దుపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
మామయ్య