వానకు విత్తనాలన్నీ కొట్టుకుపోయాయా?

ప్రశ్న: మా వాలు భూమిలో సాగు మానేసి ఏళ్లయింది. పశువుల్నీ తోలడం లేదు. దిగువన గడ్డి, పొదలు బాగానే వచ్చాయి. పైభాగం మాత్రం బోడిగానే ఉంది. వాన పడితే చాలు, బురద నీళ్లు దిగుతున్నాయి. మట్టిలోని విత్తనాలన్నీ పోయినట్టేనా? కొత్తగా గింజలు చల్లమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే చల్లకండమ్మా. ఆ నీళ్లు గింజల్ని కూడా దింపేస్తాయి.

మీ అనుమానంలో నిజం లేకపోలేదు. నేలలో దాగిన విత్తనాల్లో ఎక్కువ భాగం పై 5 సెంటీమీటర్లలోనే ఉంటుంది, వాన ముందుగా కోసేదీ ఆ పొరనే. కానీ ‘అన్నీ పోయాయి’ అంటే ఒప్పుకోను. స్పెయిన్‌లో బాగా కోతపడ్డ వాలుల మీద 1990లలో కొలిచి చూశారు. వాననీటితో పోయిన విత్తనాలు 13 శాతం మించలేదు. అక్కడ నేల బోడిగా ఉండిపోవడానికి పెద్ద కారణం విత్తనాల కొరత కాదు, తేమ కొరత. పైమట్టి పోయిన చోట నీరు ఇంకదు, మొలిచినదీ నాలుగు ఎండలకే మాడిపోతుంది.

అన్ని గింజలూ ఒకేలా పోవు కూడా. సన్నవి నెర్రెల్లోకి జారి దాక్కుంటాయి. సబ్జా గింజలా తడిస్తే జిగురు పట్టేవి మట్టికి అంటుకుపోతాయి. ముళ్లు, నూగు ఉన్నవి ఎక్కడో ఒకచోట చిక్కుకుంటాయి. నున్నగా, గుండ్రంగా ఉన్నవాటికే దొర్లిపోయే గండం ఎక్కువ.

దిగువకు చేరినవన్నీ బాగుపడతాయనీ కాదు. ఆవగింజకన్నా చిన్న విత్తనం మీద నాలుగు వేళ్ల మందాన ఒండ్రు పడితే అది పైకి రాలేదు. చాలావాటికి వెలుతురు సోకితేగానీ మొలక రాదు. అలాగని చచ్చిపోయినట్టు కాదు. అమెరికాలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో సీసాల్లో పెట్టి పాతిన విత్తనాలు కొన్ని 2021లో తీసి తడిపితే మొలిచాయి! మరో వాన ఆ ఒండ్రును కోస్తే, అడుగున పడుకున్నవి వెలుగు చూస్తాయి. అంటే కోత ఒక్కోసారి మేలూ చేస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

ముందు ఒక పరీక్ష చేయండి. వానలకు ముందే పైన, మధ్యన, కింద పలుచోట్ల 5 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, వేర్వేరు ట్రేలలో శుభ్రమైన ఇసుక మీద పలుచగా పరిచి, తడి ఆరకుండా చూడండి. ఉత్త ఇసుకతో ఇంకో ట్రే పక్కనే పెట్టండి. గాలికి వచ్చి పడే గింజలేవో దాంట్లో తెలిసిపోతుంది. వాలు పైభాగపు మట్టిలోనూ మొలకలు వస్తే మీకు కావలసింది విత్తనం కాదు, నీటికి అడ్డు. రాకపోతే కంగారు పడొద్దు, గట్టి పెంకు గింజలకు రెండు మూడు కాలాలు పట్టొచ్చు.

ఎలాగైనా ముందు చేయాల్సింది వాలుకు అడ్డంగా రాళ్లు, ఎండు కంప వరుసలుగా వేయడం. వాటి మధ్య అర్ధచంద్రాకారపు గుంతలు తీసి, మట్టి గట్టును దిగువ వైపు వేయండి. నన్నడిగితే, గింజలు కొనేకన్నా దిగువన పేరుకున్న ఒండ్రునే తట్టలతో పైకి మోయించి ఆ గుంతల్లో పలుచగా పోయించండి. జారిపోయిన మీ విత్తనాలు చాలావరకు అందులోనే ఉంటాయి.